దాలయ్య మావ చవక కరెంటు

ఉదయం పూట సబ్‌స్టేషన్ గేటు దగ్గర ఎవరైనా నిలబడి కనిపిస్తే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. అక్కడికి మంచి మాట చెప్పడానికి ఎవడూ రాడు. ఫ్యూజు పోయిందనో, బిల్లు ఎక్కువొచ్చిందనో, పక్కింటివాడు తీగకి కొక్కెం తగిలించి దొంగ కరెంటు లాగుతున్నాడనో వస్తారు. ఇరవై రెండేళ్ళుగా లైన్‌మన్ పని చేస్తున్నాను. "ధర్మేంద్రా, నిన్న రాత్రంతా కరెంటు బ్రహ్మాండంగా ఉంది" అని చెప్పిపోదామని వచ్చినవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు.

ఆ రోజు గేటు పట్టుకుని నిలబడ్డవాడు దాలయ్య మావ. భావనపాడు నుంచి పనిగట్టుకుని వచ్చాడు. నేనింకా టీ కూడా తాగలేదు.

"అల్లుడా, రేతిరి కరెంటూ పగటి కరెంటూ ఒకటేనేటి?" అన్నాడు.

"ఒకటే మావా."

"ఒకటే అయితే దర వేరేగా ఎందుకెట్టినారు మరి?"

నేను టీ కొట్టు వైపు నడిచాను. ఆయన నా వెనకే వచ్చాడు. కథ అలా మొదలైంది.

దాలయ్య నాకు చుట్టం కాదు. మాది లోపలి ఊరు, వరీ మినుమూ పండించుకునే ఇల్లు. వాళ్ళది సముద్రం ఒడ్డు. తిత్లీ తుపానుకి స్తంభాలన్నీ నేలకూలినప్పుడు ఎనిమిది రోజులు వాళ్ళ ఊళ్ళో పనిచేసి, వాళ్ళ వరండాలోనే పడుకున్నాను. వాళ్ళ ఇంటికే సగం కప్పు లేదు. అయినా దాలయ్య భార్య బుల్లమ్మ ఎక్కడ సంపాదించేదో తెలియదు, రెండు పూటలా మా ముఠాకంతటికీ వేడి అన్నం పెట్టేది. తొమ్మిదో రోజున నేను బయల్దేరుతుంటే ఎండు చేపల పొట్లం చేతిలో పెట్టి, "మా ఇంటికి రాకుండా ఈ ఊరికి వచ్చినావంటే కాళ్ళిరగ్గొడతాను" అంది. అప్పటినుంచి ఆవిడ నాకు అత్త, ఆయన మావ. సొంత మేనత్త కూడా నాతో అంత అధికారంగా ఎప్పుడూ మాట్లాడలేదు.

మావకి అరవై రెండేళ్ళు. అందులో నలభై ఏళ్ళు సముద్రం మీదే గడిచాయి. వల లాగి లాగి కుడి భుజం పోయింది. డాక్టరు ఇక వేట మాట ఎత్తవద్దన్నాడు. ఆ మనిషికి ఒడ్డున ఊరికే కూర్చోవడం చేతకాదు. మూడు నెలలు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ తిరిగి, వంటింట్లో డబ్బాలన్నీ సర్ది, సర్దినవాటిని మళ్ళీ సర్ది, అత్త చేత తిట్లు తిన్నాడు.

ఇల్లు నడిపేది అత్తే. పొద్దున్న పడవలు ఒడ్డుకి రాగానే వేలంపాటలో చేపలు కొని, తట్టకెత్తుకుని బస్సెక్కి టెక్కలి బజారుకి వెళ్ళి అమ్ముతుంది. పెళ్ళయిన మూడో నెలనుంచీ అదే పని. రెండేళ్ళ కిందట మార్చి నెలలో ఒకరోజు మూడు బస్సులు ఆవిణ్ణి చూసి కూడా ఆగకుండా పోయాయి. నాలుగోది ఆగింది. సగం దూరం వెళ్ళాక బస్సులో ఎవరో వాసనని గొడవ చేస్తే, కండక్టరు తట్టతో సహా దింపేశాడు. ఎండలో చేపలు పాడైపోయాయి. అన్నీ కాలవలో పారబోసి, ఖాళీ తట్ట పట్టుకుని నడిచి ఇంటికొచ్చింది. ఆ రోజు అన్నం తినలేదు. ఏమైందని మావ అడిగితే, "నీసు కంపంట. నలపయ్యేల్లుగా కొనుక్కు తింటన్నారు గదా, అప్పుడు కంపు నేదేటి" అని మాత్రం అంది.

వారం తిరక్కుండా మావ పడవలో తన వాటా అమ్మేశాడు. విశాఖపట్నంలో ఎవరో ఆరేళ్ళు తిప్పి వదిలేసిన బ్యాటరీ కారొకటి కొన్నాడు. తెల్లది. కొత్తప్పుడు ఎంత దూరం వెళ్ళేదో గానీ, ఇప్పుడు నిండా ఛార్జింగ్ ఎక్కిస్తే అరవై కిలోమీటర్లు నడుస్తుంది. టెక్కలి వెళ్ళి రావడానికి యాభై. అరవయ్యో ఏట స్టీరింగు పట్టుకుని ఇసక తిన్నెల పక్కన నేర్చుకున్నాడు. వెనక సీటు పీకేసి, టార్పాలిన్ పరిచి, చేపల పెట్టెలు సర్దాడు. ఊరంతా నవ్వింది. కారులో చేపలేంటని నేనూ నవ్వాను.

"నవ్వుకో," అన్నాడు. "నా పేనం ఉండగా మీ అత్త మరి బస్సుకోసరం రోడ్డు మీద నిలబడకూడదు. దానికోసమే ఈ కారు. మరి దేనికీ కాదు."

అప్పుడు నా నవ్వు ఆగిపోయింది. అంత సూటిగా ఒక మగాడు తన భార్య గురించి మాట్లాడటం మా వైపు తక్కువ.

ఇక ఈ చవక కరెంటు సంగతి. ఈ ఏడు మా ఆఫీసుకి కొత్త పథకం కాగితం వచ్చింది. ఇంట్లో కారు ఛార్జింగ్ పెట్టుకునేవాళ్ళు కావాలంటే చేరవచ్చు, వద్దనుకుంటే పాత పద్ధతిలోనే ఉండిపోవచ్చు. చేరినవాళ్ళకి రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా యూనిట్ బాగా చవక. సాయంత్రం ఆరు నుంచి పది దాకా బాగా ఖరీదు. మిగతా వేళల్లో మామూలు ధర. ఒక్కటే మెలిక. కారుకో ధర, ఇంటికో ధర ఉండదు. మీటరు ఒక్కటే కాబట్టి తిరిగే ఫ్యానుకీ, వెలిగే బల్బుకీ అదే లెక్క.

ఈ మాట ఎవరో చెవిన వేయగానే మావకి పని దొరికింది. వరసగా పదకొండు రోజులు వచ్చి నా ప్రాణం తోడేశాడు.

"పదంటే ఎవరి గడియారంలో పది అల్లుడా?"

"మీటరు గడియారంలో."

"అది తప్పు తిరిగితే?"

"తిరగదు."

"నాను తొమ్మిదికే వైరు తగిలించి, స్విచ్చి మట్టుకు పదికి వేస్తే?"

"స్విచ్చి వేసినప్పటినుంచే లెక్క."

"మరి మా ఇంటిది తొమ్మిదీ ముప్పావుకి ఫేనేసుకొని తొంగుంటే, పది దాటినాక ఆ ఫేను చవకలోకి వస్తాదా, ఖరీదులోకేనా?"

పన్నెండో రోజు నాకు కోపం నెత్తికెక్కింది. "మావా, నీకో దండం. రెండు నెలలు నీ ఇంట్లో ఏ వేళకి ఎంత కరెంటు కాలుతుందో రోజూ మీటరు చూసి లెక్క పెట్టు. సాయంత్రం తక్కువ, రాత్రి ఎక్కువ అయితే చేరు. లేదంటే మానెయ్యి. అంతవరకు నాకు కనపడకు" అన్నాను.

చదువు రాకపోయినా అంకెలు వచ్చు ఆయనకి. రాసుకోవడానికి బదులు గవ్వలు పెట్టుకున్నాడు. యూనిట్‌కో గవ్వ. వరండాలో మూడు పళ్ళేలు వరసగా పెట్టి, చవక వేళవి ఒకదాంట్లో, ఖరీదు వేళవి ఒకదాంట్లో, మిగిలినవి మూడోదాంట్లో వేసేవాడు. నెలాఖరుకి వాటిని నేల మీద బోర్లించి వాటాలు పంచేవాడు. వాళ్ళ ఒడ్డున చేపలు అలాగే పంచుకుంటారు. పడవకో పాలు, వలకో పాలు, ఇంజనుకో పాలు, సముద్రంలోకి వెళ్ళిన మనిషికి తలా ఒక పాలు. మావ కూడా కారుకో పాలు, చేపలు దాచే ఫ్రీజరుకో పాలు, ఇంటికో పాలు అని కుప్పలు పెట్టాడు. ఒకరోజు నేను అక్కడే ఉన్నాను. అత్త చేటలో బియ్యం ఏరుతూ ఆ కుప్పలు చూసి, "మరి నా పాలేది?" అంది.

"అమ్మినోల్లకి పాలెక్కడుంటాదే. ఎల్లి టీ ఎట్టు," అన్నాడు మావ.

అత్త నవ్వుకుంటూ లోపలికి వెళ్ళింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత టీ తాగాను.

రెండు నెలలయ్యాక నన్ను పిలిచి కుప్పలు చూపించాడు. ఖరీదు వేళ కుప్ప పిడికెడు కూడా లేదు. సాయంత్రాలు వాళ్ళింట్లో ఒక ఫ్యానూ రెండు బల్బులూ తప్ప ఏమీ కాలడం లేదు. "ఇంకెందుకు ఆలోచన, చేరిపో" అని నేనే చెప్పాను. దరఖాస్తు కూడా నేనే నింపాను. ఆయన వేలిముద్ర వేశాడు.

ఇక్కడే ఇద్దరం గోతిలో పడ్డాం. ఆ రెండు నెలలు ఏవనుకున్నారు? ఏప్రిల్ సగం నుంచి జూన్ సగం దాకా. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం ఉండే రోజులు. ఇంజను పడవ ఒక్కటీ సముద్రంలోకి వెళ్ళదు. అత్త ఫ్రీజరు కడిగి, మూత తెరిచి ఎండలో పెట్టి ఉంచింది. వారానికోసారి ఎండు చేపలు సంతకి తీసుకెళ్ళడం తప్ప కారుకీ పని లేదు. ఒడ్డున వాళ్ళు వలలు బాగుచేసుకునేదీ, ఇల్లు కప్పుకునేదీ, పెళ్ళిళ్ళు చేసేదీ, తగువులు తీర్చుకునేదీ, లెక్కలు చూసుకునేదీ అంతా ఆ రోజుల్లోనే. అందరూ అప్పుడే లెక్కలు చూస్తారు కాబట్టి మావా అప్పుడే చూశాడు. ఆయనకి అందులో తప్పు కనిపించలేదు. ఫ్రీజరు ఎంత తాగుతుందో అంచనాగా నాలుగు గవ్వలు వేసి సరిపెట్టేశాడు. వరి పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు ఆ నిషేధం గుర్తే రాలేదు. పంట వేయని రోజుల్లో నీళ్ళ లెక్క చూసి మోటారు కొన్నవాణ్ణి అయితే మా నాన్న చెంప పగలగొట్టేవాడు.

జూన్ పదిహేనున పడవలు బయల్దేరాయి. ఫ్రీజరు లోపలికి వచ్చింది. అత్త రోజూ టెక్కలి వెళ్ళసాగింది. అయినా జూలై బిల్లు, వేట నడిచిన మునుపటి ఏ నెలకన్నా తక్కువ వచ్చింది.

మావ సంబరం చూడాలి. ఆ బిల్లుని పాలిథిన్ కవర్లో పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వలల సావిడిలో ముసలాళ్ళకి చూపించాడు, కిళ్ళీ కొట్టులో చూపించాడు, ఊళ్ళోకి వచ్చిన టీకాల నర్సుకి కూడా చూపించాడట. పది కొట్టేవరకూ కారుకి వైరు తగిలించనిచ్చేవాడు కాదు. అంతకుముందు మధ్యాహ్నం టెక్కలి నుంచి రాగానే ఎక్కించేవాడు. ఇప్పుడు సాయంత్రమంతా కారు ఖాళీ కడుపుతో పందిట్లో నిలబడేది. నాకు పెద్ద వంజరం చేప పట్టుకొచ్చి, "నీ సలవే అల్లుడా. సముద్రం మానీసినా ఇంటికి పనికొస్తన్నాను" అన్నాడు. మా ఆవిడ శైలజ దాన్ని రెండు రకాలు వండింది. సిగ్గులేకుండా తిన్నాను.

ఆ వారమే ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని పథకంలో చేరినవాళ్ళ గంటల లెక్కలు చూస్తున్నాను. దాలయ్య మావ మీటరు దగ్గర ఆగాను. సాయంత్రం ఆరు నుంచి పది దాకా దాదాపు సున్నా. ఒకరోజు కాదు, నెలంతా. చేపల రోజుల్లో, నిండా సరుకున్న ఇంట్లో, ఫ్రీజరు నడవకుండా ఎలా ఉంటుంది?

లైన్‌మన్ బుర్ర మరోలా ఆలోచించదు. కొక్కెం వేస్తున్నాడనుకున్నాను. ఆరింటికి ఫ్రీజరుని దొంగ తీగకి మార్చి, పదింటికి మళ్ళీ మీటరుకి మార్చుతున్నాడన్నమాట. ఒళ్ళంతా కారం రాసినట్టయింది. నాకు చేప తినిపించి నా శాఖకే కన్నం వేస్తాడా అని బండి తీశాను. ఆ వంజరం గుర్తొచ్చి దారి పొడుగునా ఆయన్ని తిట్టుకున్నాను, నన్ను కూడా తిట్టుకున్నాను.

నేను చేరేసరికి ఆరూ ముప్పావు. సన్నగా తుంపర. ఇంట్లో ఎవరూ లేరు, తలుపు దగ్గరగా వేసి ఉంది. టార్చి వేసి స్తంభం నుంచి మీటరు దాకా తీగంతా చూశాను. కొక్కెం లేదు. లోపల ఫ్రీజరు ప్లగ్గు పీకి ఉంది. మూత ఎత్తితే ఒక్క చేప లేదు. ఒట్టి డొల్ల. మూత చుట్టూ రబ్బరు ఎప్పుడో చిరిగిపోయింది, కరెంటు లేకపోతే అందులో చల్లదనం గంట కూడా నిలవదు.

పక్కింటి గున్నమ్మ అరుగు మీద కూర్చుని నన్ను చూస్తోంది. డెబ్భై దాటిన మనిషి.

"మావ ఏడీ?" అన్నాను.

"వలల సావిట్లో ఉంటాడు. తొమ్మిదికి గానీ రాడు."

"అత్త?"

"అదా? బస్సు కాడ ఉంటాది. రోజూ ఈ యేలకి అక్కడే." చెప్పి, చెప్పకూడనిదేమో అన్నట్టు మొహం పక్కకి తిప్పుకుంది.

బస్సు ఆగే చోటు ఊరి చివర. నేను వెళ్ళేసరికి అత్త రోడ్డు పక్కన నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర తట్ట, దాని మీద తడి గోనె. నెత్తిన కొంగు కప్పుకుంది. ఆవిడ నన్ను చూడకముందే బస్సు వచ్చింది. చెయ్యెత్తింది. బస్సు నెమ్మదైంది. కండక్టరు తలుపులోంచి తొంగి చూసి, తట్ట కనపడగానే చెయ్యి ఊపాడు. "టిక్కట్టు రెండు కొంటాను బాబూ, వెనక మూల కూకుంటాను" అంటూ అత్త నాలుగడుగులు బస్సుతోపాటు నడిచింది. బస్సు ఆగలేదు. ఆవిడ వెనక్కి వచ్చి తట్ట పక్కన మళ్ళీ నిలబడింది.

తిట్టడానికి వచ్చినవాణ్ణి, బండి దిగి ఆవిడ దగ్గరికి నడిచాను. ఏడుపు వచ్చింది. ఇందులో దాచేదేముంది.

"ఏటత్తా ఇది," అన్నాను.

ఉలిక్కిపడింది. "నువ్వేటి బాబూ ఇలగొచ్చినావు? అన్నం తిన్నావా?"

"అన్నం సంగతి తర్వాత. ఇక్కడెందుకున్నావు?"

ముందు మాట దాటేసింది. నేను వదల్లేదు. అప్పుడు తట్ట అంచు మీద చెయ్యి వేసి నిదానంగా చెప్పింది. సాయంత్రం పడవల్లో దిగే చేపల్ని మునుపు ఫ్రీజరులో పెట్టి తెల్లవారి టెక్కలి తీసుకెళ్ళేది. చేపలు మరీ ఎక్కువైతే సాయంత్రమే కారులో ఇంకోసారి వెళ్ళేవారు. ఇప్పుడు ఆరు నుంచి పది దాకా ఫ్రీజరు నడిస్తే బిల్లు పెరుగుతుందని ఆవిడే ఆపేసింది. మొదటి వారం చేపలు లోపలే ఉంచి పదికి ప్లగ్గు పెట్టి చూసింది. కానాగంత చేపల కళ్ళు గుంటలు పడ్డాయి, బజారులో ఒకామె వాటిని ఈవిడ మొహాన విసిరికొట్టింది. ఇక దాచడం మానేసి, ఏ రోజు చేప ఆ రోజే అమ్మేయడానికి సాయంత్రాలు బస్సెక్కుతోంది. ఎక్కనిస్తే ఎక్కుతోంది. లేకపోతే ఎవరికో అయినకాడికి ఇచ్చేస్తోంది.

"కారుండగా బస్సేంటి అత్తా?"

"అది పది కొట్టేదాకా కూడు ముట్టదు గదా బాబూ," అంది నవ్వుతూ.

"మావతో చెప్పలేకపోయావా?"

"ఎలగ సెప్తాను? ఆ బిల్లు కాయితం పట్టుకొని ఎంత సంబరపడతన్నాడో నువ్వూ సూసినావు. బుజం పోయిన కాడి నుండి ఆ మొకంలో నవ్వు నేదు. ఏ యేలప్పుడు సూసినా గోడ కాసి సూస్తూ కూకునేవోడు. ఇప్పుడు పొద్దున్నే నెగిసి కారు తుడస్తన్నాడు, గవ్వలు ఎంచుతన్నాడు, ఊల్లో ఆడికో మాట ఉన్నాది. నాను రెండు గంటలు నిలబడితే పోయేదేటి? నలపయ్యేల్లు నిలబడనేదేటి?"

"నువ్వు నిలబడకూడదనే కదా ఆ మనిషి కారు కొన్నది."

ఆవిడ నా చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. "నా మీద ఒట్టు. నాను ఇలగొస్తన్నానని నీ నోటితో సెప్పకు."

ఏం చేస్తాను. తట్ట బండి మీద నా ముందు పెట్టుకుని, అత్తని వెనక కూర్చోబెట్టుకుని టెక్కలి తీసుకెళ్ళాను. చేపల నీళ్ళు నా ఖాకీ ప్యాంటు నిండా కారాయి. దారి పొడుగునా ఆవిడ నా పిల్లల చదువుల గురించి అడుగుతూనే ఉంది.

ఒట్టు మూడు రోజులు నిలబెట్టుకున్నాను. నాలాంటి నోటి దురుసు మనిషికి అది చాలా ఎక్కువ. నాలుగో రోజు మావ గేటు దగ్గరికి వచ్చాడు. ఈసారి ఒంటరిగా రాలేదు. బ్యాటరీ ఆటోలున్న ఇద్దరు ఊరివాళ్ళని వెంటబెట్టుకొచ్చాడు, చవక కరెంటులో చేర్పించడానికి. జేబులోంచి ఆ పాలిథిన్ కవరు తీసి, "సూపించు అల్లుడా ఈల్లకి, ఎలగ తగ్గినాదో" అన్నాడు.

నాలో ఏదో తెగిపోయింది. ఆ ఇద్దర్నీ టీ కొట్టుకి పంపించి, మావ రెక్క పట్టుకుని కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. గంట గంటకీ అంకె చదివి వినిపించాను. ఉదయం ఎంత, మధ్యాహ్నం ఎంత, రాత్రి పది దాటాక ఎంత. "సాయంత్రం ఆరు నుంచి పది, సున్నా" అన్నాను.

మావ మొహంలో నవ్వు ఇంకా ఉంది. "మంచిదే గదా?"

"ఫ్రీజరు ఏమైంది మావా?"

"ఏటవుతాది? నడస్తన్నాది."

"నడిస్తే సున్నా ఎందుకొస్తుంది?"

ఆలోచించాడు. లెక్కలు తెలిసిన మనిషి. వేళ్ళు మోకాలి మీద ఒక్కొక్కటిగా కదిలాయి, తర్వాత ఆగాయి. "మరి సాయంత్రం సేపలు ఏటవుతన్నాయి?" అన్నాడు, నన్ను కాదు, తనని తనే అడుగుతున్నట్టు.

ఒట్టు వేసినవాణ్ణి. ఆవిడ పేరెత్తకుండా, "ఇవాళ ఆరున్నరకి సావిడికి వెళ్ళకు. బస్సు ఆగే చోటుకి వెళ్ళు" అని మాత్రం అన్నాను. బిల్లు కవరు బల్ల మీదే మరిచిపోయి లేచి వెళ్ళిపోయాడు. టీ కొట్టులో ఆ ఇద్దరూ ఆయన కోసం చాలాసేపు చూశారు.

ఆ సాయంత్రం జరిగింది నేను చూడలేదు, తర్వాత గున్నమ్మ చెప్పింది. మావ బస్సు ఆగే చోటికి వెళ్ళాడు గానీ అత్త ముందుకి వెళ్ళలేదు. తాటి దుంగల వెనక నిలబడి చూశాడు. ఒక బస్సు ఆగకుండా పోవడం చూశాడు. రెండోది ఆగితే ఆవిడ తట్ట ఎత్తుకోబోవడమూ, కండక్టరు వద్దనడమూ, ఆవిడ తట్ట మళ్ళీ కింద పెట్టడమూ చూశాడు. తర్వాత ఇంటికి వచ్చేశాడు.

అమ్ముడుపోని చేపలతో అత్త తిరిగొచ్చేసరికి ఎనిమిది. వాకిట్లో కారుకి వైరు తగిలించి ఉంది. లోపల ఫ్రీజరు గురగురమంటూ నడుస్తోంది. మావ దాని పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

"ఇదేటి, టైము సూడనేదా? ఇంకా పదవనేదు," అని అత్త కంగారుగా ప్లగ్గు వైపు వెళ్ళింది.

"సూసినాను. ఒగ్గేయ్."

"బిల్లు పేలిపోతాది."

"పేలనీ," అన్నాడట మావ. లేచి ఆవిడ చేతిలో తట్ట అందుకుని, చేపలు ఒక్కొక్కటే ఫ్రీజరులో సర్దాడు. కుడి చెయ్యి పైకి లేవదు కాబట్టి ఎడమ చేత్తోనే సర్దాడు. అంతా అయ్యాక, "ఎన్నాల్ల నుండి?" అని అడిగాడు. "నెల దాటినాది" అంది అత్త. తర్వాత అత్త నన్ను తిట్టడం మొదలుపెట్టిందట, ఒట్టు గట్టున పెట్టిన ఎదవనని. ఆ తిట్లన్నీ గున్నమ్మ నాకు పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఇక్కడ రాయను.

మర్నాడు ఉదయం మావ మళ్ళీ గేటు దగ్గర ఉన్నాడు. ఈసారి నాకు ఒళ్ళు మండలేదు. పథకం నుంచి బయటికి రావడానికి ఒక కాగితం ఉంది. పేరు, మీటరు నంబరు రాశాను. చివర్లో 'వైదొలగడానికి కారణం' అని ఒక గడి. అందరికీ రాసినట్టే 'సాయంత్రపు వాడకం ఎక్కువ' అని రాసి, వేలిముద్రకి ఇంకు డబ్బా ముందుకు జరిపాను.

"ఏటి రాసినావో సదువు," అన్నాడు.

చదివాను.

"నానలగ సెప్పినానేటి?"

"మరేం రాయమంటావు?"

"మా ఇంటిది నాకు తెలవకుండా రోడ్డు మీద నిలబడతన్నాది. అది రాయి."

"ఆఫీసు కాగితం మావా. ఇలాంటివి వాళ్ళకి అక్కర్లేదు."

"ఆల్లకి అక్కర్నేదు. నాను రాయమంటన్నాను." గొంతు పెంచలేదు. కానీ ఇంకు డబ్బా వైపు చూడను కూడా చూడలేదు.

రాసింది కొట్టేసి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. గడి చాలక పక్కన ఖాళీలోకి పోయింది. మళ్ళీ చదవమన్నాడు, చదివాను. అప్పుడు వేలిముద్ర వేశాడు.

మా ఇంజినీరు సుహాసిని మేడం కొత్తగా వచ్చిన మనిషి, కాగితం మీద కామా తప్పున్నా వెనక్కి పంపుతుంది. ఆ గడి దగ్గర ఆగి రెండుసార్లు చదివింది. తలెత్తి మావ వైపు చూసింది.

"ఇప్పుడు ఆవిడ ఎక్కడున్నారు?" అంది.

"కార్లో కూకున్నాది తల్లీ," అన్నాడు మావ. "ముందు సీట్లో. సేపలున్నాయి, బేగి సంతకం ఎట్టేస్తే ఎలిపోతాం."

ఆవిడ సంతకం పెట్టింది.